బుడుగు బొమ్మలు - స్త్రీల కన్నులు



ఉదయమున వార్తాపత్రిక ఇంటికి వచ్చిన పిమ్మట అది ఎన్ని చేతులు మారునో, ఏ చేతిలో ఏ పుటయొద్ద నిలుచునో గమనించిన గృహిణికి ఒక విషయము తెలియకపోదు. యజమాని రాజకీయముల పుటను విప్పును. చదువు ముగించిన కుమారుడు ఉద్యోగ ప్రకటనలు వెదకును. అక్షరములు రాని అవ్వ మొదలుకొని అక్షరములు కూడబలుకుకొనుచున్న మనుమనివరకు అందరును తప్పక నిలుచు చోటు మాత్రము బొమ్మ యున్న చోటు. అయినను ఆ బొమ్మను గూర్చి తీరికగా మాటలాడుట పెద్దతనమునకు తగినది కాదని మనలో ఒక యభిప్రాయము పాతుకొని యున్నది. “బొమ్మలా? అవి పిల్లలకును ఆడవారికిని!” అని పెదవి విరుచువారు నేటికిని కలరు.

ఈ పెదవి విరుపునకు శాస్త్రముయొక్క తోడు కూడ కలదని వాదింపవచ్చును. విష్ణుధర్మోత్తర పురాణముయొక్క మూడవ ఖండములో చిత్రసూత్రమను భాగము కలదు. చిత్రకళను గూర్చి మన దేశమున మిగిలిన ప్రాచీన గ్రంథములలో అది మిక్కిలి పేరు పొందినది. అందు చిత్రమును చూచువారిని నాలుగు తెగలుగా విభజించి, ఆచార్యులు రేఖను మెచ్చుకొందురనియు, విచక్షణులు నీడ వెలుగుల పొందికను మెచ్చుకొందురనియు, స్త్రీలు ఆభరణములను కోరుదురనియు, తక్కినవారు రంగుల నిండుదనమును కోరుదురనియు చెప్పబడినది.

రేఖ ఆచార్యులది, నగలు మనవి! ఈ పంపకము న్యాయమైనదేనా యని విచారించుటకు ఒక సుళువైన మార్గము కలదు. నగలు లేని, రంగులు లేని, నీడ వెలుగులు లేని బొమ్మ నొకదానిని స్త్రీలయెదుట పెట్టి చూడవలెను. పత్రికలలోని హాస్యచిత్రము అట్టిదే. దానికి గీత తప్ప వేరు దిక్కు లేదు. స్త్రీలు నగలనే కోరువారైనచో ఆ పుటను తిప్పివేసి యుండవలసినది. తెలుగునాట అట్లు జరుగలేదు. ఆరు దశాబ్దములకు పైగా తెలుగు ఇండ్లలో తల్లులును, బిడ్డలును, అవ్వలును కలిసి నవ్వుకొనుచున్న బుడుగు బొమ్మలే ఇందుకు సాక్ష్యము. ఆ బొమ్మల పుట్టుకను, వానిలోని గీత గుణమును, అవి మన యిండ్లలో చేసిన మేలును, వానివలన కలిగిన ఒక చిక్కును ఈ వ్యాసమున విన్నవించుకొందును.

వరుసగా గళ్ళు గీచి, గడికొక ఘట్టము చొప్పున కథ చెప్పు బొమ్మలను పాశ్చాత్యులు కామిక్ స్ట్రిప్పులందురు. పందొమ్మిదవ శతాబ్ది చివరలో అమెరికా దినపత్రికలు ఒకదానితో నొకటి పోటీపడినప్పుడు ఇవి బలము పుంజుకొన్నవి. వానిలో చిన్నపిల్లలను గూర్చినవి లోకమంతటను వ్యాపించినవి. 1950 అక్టోబరు 2వ తేదీన చార్లెస్ షుల్జ్ అనువారి పీనట్స్ మొదలయ్యెను. 1951 మార్చి 12వ తేదీన హ్యాంక్ కెచమ్ అనువారి డెన్నిస్ ది మెనేస్ మొదలయ్యెను. ఈ రెండవదాని పేరు పుట్టిన విధము మనకు వినోదము కలిగించును. కెచమ్‌గారికి డెన్నిస్ అను నాలుగేండ్ల కుమారుడుండెను. నిద్రపుచ్చిన పిల్లవాడు నిద్రింపక గదినంతయు చిందరవందర చేయగా, తల్లి విసిగి వచ్చి, నీ కొడుకు ఉపద్రవమని భర్తతో మొరపెట్టుకొనెనట. ఆ మాటయే బొమ్మకు పేరైనది. లోకప్రసిద్ధమైన ఒక హాస్యచిత్రమునకు నామకరణము చేసినది ఒక విసిగిన తల్లియని మనము గుర్తుంచుకొనదగును.

ఇక మన సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునకు తెచ్చి దినపత్రికగా చేసిన ఆంధ్రపత్రిక నేడు లేదు గాని, తెలుగు హాస్యచిత్రము దాని నీడలోను, అదే సంస్థవారి భారతి మాసపత్రిక నీడలోను పెరిగినది. తెలుగు వ్యంగ్యచిత్రమునకు ఆద్యుడని పేరు పొందిన తలిశెట్టి రామారావుగారి బొమ్మలు ఆ పత్రికలలోనే వెలువడినవి. తరువాత అదే ఆంధ్రపత్రికలో బాపుగారు బొమ్మలు వేసిరి. వారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15వ తేదీన నరసాపురమున జన్మించి, మద్రాసులో పెరిగి, న్యాయశాస్త్రము చదివి, న్యాయవాదవృత్తిని విడిచి కుంచె పట్టినవారు. వారి బాల్యమిత్రులు ముళ్ళపూడి వెంకటరమణగారు, 1931లో జన్మించిరి. ఒకరి మాట, ఒకరి గీత కలిసి 1956-57 సంవత్సరములలో ఆంధ్రపత్రిక వారపత్రికయందు బుడుగును సృజించినవి. రమణగారు 2011లోను, బాపుగారు 2014లోను కీర్తిశేషులైరి. బుడుగు మాత్రము పెరుగలేదు, ముసలివాడు కాలేదు. పుస్తకరూపమున నేటికిని మన పిల్లల చేతికి వచ్చుచున్నాడు.

ఖచ్చితముగా చెప్పవలెనన్న బుడుగు గళ్ళ వరుస కాదు. ఒక చిన్నవాడు తన యింటి సంగతులను, ఇరుగుపొరుగు సంగతులను తన నోటితోనే చెప్పుచుండగా, ఆ మాటల వెంట నడచి వచ్చిన బొమ్మలవి. కాని బుడుగన్న వెంటనే మనకు మాటకంటె ముందుగా ఆకారము తోచును. మాటను బొమ్మనుండి విడదీసి తలంచుట ఎవరితరమును కాదు. కావుననే గళ్ళ బొమ్మలకు మన భాషలో అత్యంత సన్నిహితమైన బంధువు బుడుగని నేను తలంతును.

ఈ బొమ్మల గీత ఎట్టిదో చూతము. మొదట తెలిసికొనవలసినది అచ్చుయొక్క నిర్బంధము. ఆనాటి వారపత్రికలకు వాడినది చౌక కాగితము. అది సిరాను పీల్చుకొని మరకను వ్యాపింపజేయును. గీతబొమ్మలను అచ్చువేయుటకు లోహపు దిమ్మ చేయుదురు. ఆ దిమ్మకు నలుపు తెలుసును, తెలుపు తెలుసును, నడుమనున్న బూడిద వన్నె తెలియదు. కావున సన్నని నీడలు, మెత్తని ఛాయలు నమ్ముకొన్న బొమ్మ ఆ కాగితముమీద బురదయై పోవును. తప్పులేని గీత మాత్రమే బ్రతుకును. బాపుగారు ఈ నిర్బంధమును బలముగా మార్చుకొనిరి. గది యంతయు గీయరు. కుర్చీకాలు ఒకటి గీచినచో గది తెలిసిపోవును. వీధి గీయరు, గడప అంచు చాలును. కాగితములోని తెల్లదనమును వట్టి చోటుగా విడువక, దానిచేత కూడ పని చేయింతురు. గీత ఒకచోట బలిసి, ఒకచోట సన్నగిలి, మలుపు తిరిగినచోట ఊపిరి తీసికొన్నట్లుండును. కనుబొమ్మ కొంచెము పైకెత్తినచో అనుమానము, కొంచెము దించినచో అలక. ఇంత స్వల్పమైన భేదముతో అంత పెద్ద భావము పలుకును.

రెండవది నిలుచు తీరు. బుడుగు చిన్నవాడు. కాని తాను చిన్నవాడనని వాడు ఒప్పుకొనడు. కథలోని హాస్యమంతయు ఈ ఒక్క పట్టుదలనుండియే ఊరుచుండును. ఈ సంగతిని బొమ్మ మాటలతో చెప్పదు. నిలుచు తీరుతో చెప్పును. శరీరము శిశువుది, ఠీవి పెద్దమనిషిది. ఈ రెండింటికిని పొత్తు కుదరకపోవుటయే నవ్వునకు మూలము. అలంకారశాస్త్రజ్ఞులు హాస్యమునకు వికృతమైన ఆకారము, వేషము, వాక్కు, చేష్ట కారణములని చెప్పిరి. ఇచట ఆకారమున వికృతి లేదు. ఆకారమునకును చేష్టకును పొత్తు లేదు, అంతే. కావుననే ఎంత నవ్వినను బుడుగుపై మనకు ముద్దు తగ్గదు.

మూడవది అక్షరము. బాపుగారి చేతివ్రాత కూడ బొమ్మవంటిదే. ఒంపులు తిరిగిన ఆ యక్షరములు బొమ్మప్రక్కన నిలిచినప్పుడు వ్రాతకును బొమ్మకును నడుమ గోడ యుండదు. తరువాతి కాలమున ఆ వ్రాతను కంప్యూటరు అక్షరములుగా కూడ మలచిరి. మన యిండ్లకు వచ్చు శుభలేఖలలో పలుమార్లు మనము చూచుచున్నవి ఆ యక్షరములే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఇట్టి గీతను గుర్తించి మెచ్చుకొను కన్ను స్త్రీకి ఎచటనుండి వచ్చినది? నేను చెప్పు సమాధానము మన వాకిటనే యున్నది. ప్రతిదినము వేకువన వాకిట నీళ్ళు చల్లి ముగ్గు పెట్టునది ఎవరు? చుక్కలు లెక్కించి, వ్రేళ్ళనడుమ పిండిని సమముగా జార్చుచు, చుక్కల చుట్టు తెగని మెలికను త్రిప్పి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలుపుట రేఖావిద్య కాక మరేమి? జారిన పిండిని మరల ఎత్తుటకు వీలు లేదు. సిరాగీతకును ఇదియే ధర్మము. వంకర పోయిన గీతను రంగు క్రింద దాచవచ్చునని తలంచు చిన్నపిల్లను, “ముందు గీత సరిగా రానిమ్ము, రంగు తరువాత” అని పెద్దవారు మందలించుట మనము వినని మాట కాదు. పండుగనాడు నాలుగు వీధుల ముగ్గులను చూచుటకు బయలుదేరిన స్త్రీలు రంగులను చూచి ముచ్చటపడుదురు. కాని తీర్పు చెప్పునప్పుడు మాత్రము, ఈమె చేయి నిలుకడ గలదియనియో, ఆమె మెలిక తప్పినదనియో గీతను బట్టియే చెప్పుదురు. చిత్రసూత్రము ఆచార్యుల కిచ్చిన అధికారమును మన తల్లులు ఏ బిరుదును లేకయే నిత్యము నిర్వహించుచున్నారు.

ఎండిన సీమయని పేరుపడిన మా రాయలసీమలో ఈ రేఖావిద్యకు కరవు ఎన్నడును లేదు. లేపాక్షి వీరభద్రాలయమునకు పోయినవారు మండపముల పైకప్పును తల యెత్తి చూడవలెను. పదునారవ శతాబ్దమున, విజయనగర ప్రభువుల కాలమున వేసిన ఆ చిత్రములలో కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము మొదలైన కథలు పట్టీలు పట్టీలుగా ఒక ఘట్టము వెంట ఒక ఘట్టమై సాగుచున్నవి. ముఖములు ప్రక్కకు తిరిగి, కన్నులు కోసుగా సాగి, నల్లని గీత స్పష్టముగా నిలిచియుండును. చీరల అంచులను చూచి ముచ్చటపడనివారుండరు. ఆ రంగులు వెలసినచోట కూడ కథను నిలిపి యుంచినది గీతయే.

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములనుగూడ తలంపుడు. కరక్కాయయు పాలును కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేసిన గుడ్డపై, వెదురుపుల్లకు ఉన్నియో గుడ్డయో చుట్టి చేసిన కలముతో, ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసిన నల్లని ద్రవముతో మొదట గీతను గీయుదురు. రంగులు తరువాత వచ్చును. రామాయణ, భారత కథలు గళ్ళు గళ్ళుగా వరుసదీరి యుండును. గడియొద్దనే కథను తెలుపు తెలుగు మాటలు వ్రాయబడియుండును. గళ్ళు, బొమ్మ, మాట - మూడును కలవు. వార్తాపత్రికలోని బొమ్మల వరుసకు ఇంతకంటె ఏమి కావలెను? ఇక నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట తోలుబొమ్మలవారు దీపమును వెనుక నుంచి, తెరపై ఆడించు బొమ్మలు మరియొక ఉదాహరణము. తోలుబొమ్మ పాత్రయొక్క గుణమును దాని అంచుగీతయే చెప్పును. వంకరముక్కు, ముందుకు చొచ్చిన గడ్డము చూడగానే అది హాస్యపాత్రయని, మాట వినకముందే పల్లెలోని ముసలమ్మ నవ్వును. కాబట్టి గీతతో కథ చెప్పుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య కాదు. వారినుండి మనకు వచ్చినది దినపత్రికయు, అచ్చుయంత్రమును, వారమువారము అతిథివలె వచ్చు అలవాటును.

గీత సంగతి ఇట్లుండగా, బుడుగు మన యిండ్లలో ఇంత చనువు సంపాదించుకొనుటకు కారణము వేరొకటి కలదు. షుల్జ్‌గారి పీనట్స్ బొమ్మలలో పెద్దవారు కనబడరు; పిల్లలే ఒక లోకము. డెన్నిస్ ఇంటిలో తల్లి, తండ్రి, కొడుకు మాత్రమే; ప్రక్కయింట విల్సన్ దొర యొకడు విసుగుకొనుచుండును. బుడుగు లోకమున పెద్దవారు క్రిక్కిరిసి యుందురు. తల్లి రాధ, తండ్రి గోపాలము, బామ్మ, బాబాయి, ప్రక్కయింటి లావుపాటి పిన్నిగారు, ఆమె మగడు, రెండు జెళ్ళ సీత, ఆటతోడుగా సీగాన పెసూనాంబ - ఇది ఇల్లు కాదు, ఒక వీధి. నలుగురు కలిసియున్న ఇంటిలో పసివాడు ఏమేమి వినునో, వినినదానిని ఎట్లు తలక్రిందులుగా అర్థము చేసికొనునో, పెద్దలు గుసగుసలాడుకొన్నదానిని ఎట్లు బహిరంగము చేయునో బిడ్డలను పెంచిన ప్రతి తల్లికిని అనుభవమే. ఆ పసివాని లెక్కలో అబద్ధము లేదు. పెద్దలు నోటితో చెప్పునదానిని, చేతితో చేయుదానిని వాడు ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టును, అవి పొసగవు, అది మన తప్పు, వాని తప్పు కాదు. బుడుగును చదివి నవ్వుచున్న తల్లి సగము తన కొడుకును చూచి నవ్వును, సగము తన్ను చూచుకొని నవ్వును.

ఇది కూడ మనకు క్రొత్త కాదు. పొరుగిండ్ల స్త్రీలు గుంపుగా వచ్చి, నీ కొడుకు పాలు త్రాగినాడు, కుండ పగులగొట్టినాడని యశోదతో చెప్పుకొన్న ఘట్టము పోతనామాత్యుని భాగవతమున చదువని తెలుగు ఆడబిడ్డ అరుదు. ఫిర్యాదు చేయుచునే వారి మనసు ఆ బాలునిపై ముద్దుతో నిండియుండును. కోపమును నవ్వును ఒకే ముఖముపై నిలుపుట ఆ ఘట్టమునకు ప్రాణము. బాపుగారి గీతయు సరిగా అదే సంధియందు నిలుచును.

ఇచట మా ప్రాంతపు మాట యొకటి చెప్పవలెను. బుడుగు పలుకుబడి గోదావరీ తీరమునుండి మద్రాసు చేరిన కుటుంబముల పలుకుబడి. మంత్రాలయము తుంగభద్ర యొడ్డుననున్న కర్నూలు జిల్లా గ్రామము. ఏటి కావలికి పోయినచో కన్నడ దేశమునకు ఎంతో దూరము లేదు. యాత్రికులలో తెలుగువారు, కన్నడమువారు కలిసియే యుందురు. అంగళ్ళ పలకలపై రెండు లిపులును కనబడును. మా పిల్లలు బామ్మను అవ్వయందురు, బాబాయిని చిన్నాయనయందురు; కన్నడ మాటలాడు ఇండ్లలో ఆమె అజ్జి. బుడుగు మాటలను చదివి వినిపించునప్పుడు అచ్చటచ్చట నిలిచి అర్థము చెప్పవలసి వచ్చును. కాని బొమ్మను చూపినప్పుడు ఏ యింటిపిల్లకును అర్థము చెప్పవలసిన పని లేదు. నడుమున చేతులుంచుకొనిన తల్లి ఏ భాషలోనైనను కోపముతోనే యుండును. మాట ఆగిపోయిన చోట గీత ఏరు దాటిపోవును. అక్షరము రాని అత్తగారును, అక్షరము వచ్చిన కోడలును ఒకే పుటపై వంగి ఒకే క్షణమున నవ్వుట ఈ గీతవలన సాధ్యమగుచున్నది. నవలకు ఆ శక్తి లేదు.

బుడుగుపై పెద్దలు చేయు ఆక్షేపణలను దాటిపోరాదు. మొదటిది, ఆ పుస్తకమున ప్రైవేటు చెప్పు మాష్టార్లు హాస్యమునకు గురియగుదురు. దానివలన పిల్లలకు గురుభక్తి సన్నగిలునని కొందరందురు. నేను ఉపాధ్యాయుని భార్యను. ఈ యాక్షేపణ నాకు పరాయిది కాదు. అయినను దానిని అంగీకరింపజాలను. సంస్కృత నాటకములలో విదూషకుడు బ్రాహ్మణుడు; తిండిపోతు, పిరికివాడు, చదువు అంతంత మాత్రము. ఆ నాటకములను వ్రాసిన కాళిదాసాదులకు వేదవిద్యపై భక్తి లేదని ఎవరైనను అనగలరా? నవ్వు గౌరవమును చంపదు. గౌరవమునకు పట్టిన త్రుప్పును రాల్చును. పిల్లవాని మనసు ఎటున్నదో చూడక పాఠమును వానిపై క్రుమ్మరించు గురువును చూచి బుడుగు నవ్వించుచున్నాడు. అట్టి పుటను తరగతిలో తానే చదివి వినిపించి, పిల్లలతో కలిసి నవ్వగల ఉపాధ్యాయుని మాటను ఆ పిల్లలు మరింత శ్రద్ధతో విందురేగాని తక్కువ శ్రద్ధతో వినరు.

రెండవది మరింత సూక్ష్మమైనది; ఇది మన స్త్రీలకు నేరుగా తగులునది. బాపుగారు హాస్యచిత్రములే కాక వేలకొలది స్త్రీరూపములను గీచిరి. వాలుజడ, విశాలమైన కన్నులు, సన్నని నడుము, ఒయ్యారమైన నిలుకడ - ఆ రూపము తెలుగువారి మనసున ఎంతగా నాటుకొన్నదనగా, “బాపుబొమ్మ” యను మాట అందమైన తెలుగు పిల్లకు మారుపేరైనది. కళాకారునికి ఇంతకంటె కీర్తి లేదు. కాని ఆ మాట చిత్రమును విడిచి పెండ్లిచూపుల చాపమీదికి వచ్చినప్పుడు దాని స్వభావము మారుచున్నది. కోడలు బాపుబొమ్మవలె నుండవలెనని కోరునప్పుడు అది మెచ్చుకోలు కాదు, కొలబద్ద. ఎండలో వేరుశనగ చేల కలుపు తీసి నల్లబడిన మా సీమ పిల్ల, దూరమునుండి నీళ్ళ బిందె మోసి మోసి భుజము బలిసిన పిల్ల, పొట్టి పిల్ల, పలుచని జడ గల పిల్ల ఆ కొలబద్దకు లొంగుదురా? గీతకు ఎముక లేదు, ఆకలి లేదు, ప్రసవము లేదు. ఆ గీతతో నిజమైన ఆడుదానిని కొలుచుట చిత్రకారుని దోషము కాదు, చూచువారి దోషము.

దీనికి మందు బాపుగారి గీతలోనే కలదు. అది బుడుగులో కలదు. సౌందర్యమును గీచినప్పుడు ఒకే రూపమువంక మొగ్గిన ఆ చేయి, హాస్యమును గీచునప్పుడు లోకమునంతయు చూచినది. అందు వంగిన బామ్మ కలదు. కొంగు బిగించి పనిలో మునిగిన రాధ కలదు. లావుపాటి పిన్నిగారు కలరు. తనకు సరిసమానమని బుడుగును లెక్కచేయని చిన్నారి పెసూనాంబ కలదు. వారిలో ఏ యిద్దరికిని పోలిక లేదు, ఎవరి నిలుకడ వారిదే. సుందరి బొమ్మ మనలను తనవలె నుండుమనును. హాస్యచిత్రము మనము ఉన్నట్లే మనలను చూపును. ఇంటిలో ఆడుబిడ్డ యున్న తల్లి ఈ భేదమును బిడ్డకు తెలియజెప్పవలెను.

అయినను ఒక జాగ్రత్త కూడ అవసరము. లావుపాటి పిన్నిగారి పేరు విని పిల్లలు నవ్వుదురు. మరునాడు ప్రక్కయింటి ఆమెను ఆ పేరుతోనే పిలువవచ్చును. కథలో ఆ మాట లోకమెరుగని పసివాని నోట వచ్చినది. వాని అమాయకత్వమే దానికి క్షమాపణ. మన పిల్లలకు ఆ క్షమాపణ లేదు. బొమ్మను చూచి నవ్వవచ్చును గాని మనిషిని చూచి నవ్వరాదని, పుస్తకము మూయకముందే చెప్పుట తల్లి పని.

చూచు కన్ను మనదైనప్పుడు గీచు చేయి మనది కారాదా? భాగవతమున ఉషాపరిణయకథలో చిత్రలేఖ యను కన్య కలదు. బాణాసురుని మంత్రియైన కుంభాండుని కూతురు. ఉష స్వప్నమున చూచిన యువకుడెవడో తెలియక పరితపించుచుండగా, చిత్రలేఖ దేవ గంధర్వ మానవ కుమారుల రూపములను వరుసగా గీచి చూపెను. అనిరుద్ధుని రూపము రాగానే ఉష గుర్తుపట్టెను. గీచినది స్త్రీ, గుర్తుపట్టినది స్త్రీ. పోలికను పట్టి యిచ్చినది నగ కాదు, రేఖ. మన కాలమున విశాఖపట్నమునకు చెందిన రాగతి పండరిగారు, చిన్ననాడే పోలియో వ్యాధికి గురియైనను, తెలుగు పత్రికలలో హాస్యచిత్రములు గీచి, తెలుగులో తొలి మహిళా వ్యంగ్యచిత్రకారిణిగా పేరు పొందిరి. 2015లో ఆమె మరణించిరి. ఇంటి విషయములను, ఆలుమగల కీచులాటలను అంతవరకు మగవారే గీచి నవ్వించుచుండగా, అదే వంటగదిని లోపలనుండి చూచు కన్ను ఆమెవలన హాస్యచిత్రమునకు దొరకినది.

ఇటీవల దినపత్రికలలో ఇట్టి బొమ్మలకు చోటు తగ్గుచున్నట్లు తోచుచున్నది. ఈనాడు పత్రికలో నాలుగు దశాబ్దములు “ఇదీ సంగతి” గీచిన శ్రీధర్‌గారు 2021లో ఆ పని విరమించిరి. పిల్లల చేతులలో ఫోను చేరినది; అందు కదలు బొమ్మలు కలవు. కదలు బొమ్మ చూచువానికి పని పెట్టదు. అన్నియు తానే చేసి చూపును. నిలిచియున్న గీత అట్లు కాదు. కుర్చీకాలిని చూచి గదిని, కనుబొమ్మను చూచి కోపమును పిల్లవాడు తానే ఊహించుకొనవలెను. ఊహ పెరుగుటకు ఆ చిన్న శ్రమయే ఎరువు.

కావున మధ్యాహ్నము వంటపని ముగిసిన పిమ్మట పావుగంట ఈ బొమ్మలకు కేటాయింపుడు. మాటలను చేతితో కప్పి, “వీడు ఏమనుచున్నాడు, ఆమె ఎందుకు అలిగినది?” అని పిల్లల నడుగుడు. తరువాత మాటలు చదివి సరిచూడుడు. పలకయు బలపమును ఇచ్చి, మన యింటి అవ్వను నాలుగు గీతలలో గీయుమనుడు. ముగ్గు నేర్చుకొను ఆడుబిడ్డకును, గోడలపై బొగ్గుతో గీచు మగబిడ్డకును ఇదొక్కటే పాఠము. గోడ పాడైనదని కోపము వచ్చినచో, ఆ కోపమును గూడ గీయుమనుడు. మీ ముఖము వారికి ఎట్లు కనబడుచున్నదో మీకును తెలియును.

చిత్రసూత్రకారునిపై నాకు గౌరవము లేకపోలేదు. రేఖయే మిన్నయని తెలిసిన మహానుభావుడు. అయితే ఆయన స్త్రీలను రాజాంతఃపురమున చూచియుండును, వేకువన వాకిట చూచి యుండడు. వంగి, పిండి పట్టి, చుక్కనుండి చుక్కకు చేయి వణకక పోవుచున్న ఒక పల్లెటూరి యిల్లాలిని చూచియుండినచో, ఆచార్యుల వరుసలో ఆమెకును ఒక పీట వేసియుండును.